కేసర్ కాలెత్తే దాకా

మార్చి 24, లూణీ నది ఒడ్డున

జోధ్‌పూర్ నుంచి బాలోత్రా వెళ్లే దారిలో గంటన్నర ప్రయాణించి, తారురోడ్డు వదిలి ఇసుకబాటలోకి మళ్లిన మా కారు, ఫోనులోని పటాన్ని నమ్ముకున్న పాపానికి రెండుసార్లు ఒకే గొర్రెల దొడ్డి ముందు తేలింది. రెండోసారి ఆ దొడ్డి యజమాని మేము నోరు తెరవకముందే నవ్వి, దూరంగా కనిపిస్తున్న చెట్ల గుంపు వైపు కర్ర చాపాడు. అక్కడి నుంచి దారి కనిపెట్టినవాడు ఎనిమిదేళ్ల మా అబ్బాయి. బాట మీద అక్కడక్కడా పడి ఉన్న గుర్రపు లద్దెను చూసి, "ఇది ఎండిపోయింది, అది పచ్చిగా ఉంది, అటే పోదాం" అని వాడు చెప్పిన వైపే డ్రైవరు పోనిచ్చాడు. మేము దిగవలసిన ఇల్లు అటే ఉంది.

గుర్రపుస్వారీ నేర్చుకోవాలన్నది పదమూడేళ్ల మా అమ్మాయికి రెండేళ్లుగా ఉన్న కోరిక. ఈ ఇంటివారు మాత్రం ఫోనులో మొదటిసారి మాట్లాడినప్పుడే ఒక షరతు పెట్టారు: వచ్చినవాళ్లు ముందు గుర్రాలకు సేవ చేయాలి, స్వారీ సంగతి ఆ తర్వాత చూడవచ్చు, అదీ గుర్రాలను చూసుకునే సయీసు సరేనంటేనే. నలుగురికీ బసకు, భోజనానికి కలిపి రోజుకు రూ. 5,000 ఇచ్చి లద్దె ఎత్తడానికి వెళ్తున్నామా అని మావారు దారి పొడవునా నవ్వుతూనే వచ్చారు. ఆ నవ్వు వెనక భయం ఉందని నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక టాంగా గుర్రం ఆయన భుజం కొరికింది. మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ ఇంట్లో తొమ్మిది గుర్రాలున్నాయి, అన్నీ మార్వాడీ జాతివే. ఈ జాతిని ఒక్క చూపులో పట్టిచ్చేవి చెవులు. కొడవళ్లలా లోపలికి వంగి, కొనలు ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి; ఒక్కొక్క చెవినీ విడివిడిగా ముందు నుంచి వెనక్కి పూర్తిగా తిప్పగలవు. ఇంటి పెద్దను అందరూ 'హుకుం' అని పిలుస్తారు కనుక మేమూ అలాగే పిలిచాము. 1930ల నాటికి ఈ జాతి అంతరించే దశకు వచ్చిందనీ, జోధ్‌పూర్ మహారాజు ఉమైద్ సింగ్ మేలైన మగగుర్రాలను ఏరి తెప్పించి సంతతిని నిలబెట్టారనీ, స్వాతంత్ర్యం వచ్చి జాగీర్లు పోయాక గుర్రాలను పోషించే స్తోమత లేక ఎందరో వాటిని బరువులు మోయడానికి అమ్ముకున్నారనీ, ఆయన తన టీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పారు. వారి తాతగారు చివరికి ఒకే ఒక ఆడగుర్రాన్ని నిలుపుకున్నారట; ఈ తొమ్మిదీ దాని సంతతివే.

గుర్రాల మంచీచెడూ చూసేది అరవై దాటిన సయీసు. పిల్లలు అక్కడివారిలాగే ఆయనను 'కాకాసా' అన్నారు. ఆయన మా అమ్మాయిని 'బాయీసా' అన్నారు. ఆయన మాట్లాడేది మార్వాడీ, మాకు వచ్చినది అంతంతమాత్రపు హిందీ. ఆయన ఒక నులకమంచం తెచ్చి లాయంలో చివరి గుర్రం ఎదురుగా వేసి, మమ్మల్ని దాని మీద కూర్చోమన్నారు. పిలవకూడదు, చేయి చాపకూడదు, ఫోటో తీయకూడదు. ఎంతసేపు అని అడిగితే భుజాలు ఎగరేసి వెళ్లిపోయారు.

ఆ గుర్రం పేరు కేసర్. ఏడేళ్ల ఆడగుర్రం, మూపు దగ్గర 62 అంగుళాల ఎత్తు. ఎర్రటి ఒళ్లు, నల్లటి జూలు, నుదుటి మీద తెల్లని పట్టె, నాలుగు కాళ్లూ కింది భాగమంతా తెలుపు. కథల్లో రాకుమారులు ఎక్కే పంచకల్యాణి అంటే ఇదేనని చెప్పగానే మా అబ్బాయి మంచం దిగబోయాడు. మావారు వాడి చొక్కా పట్టి ఆపారు. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, సరిగ్గా నుదుటికి ఎదురుగా ఉన్న కొంచెం చోటు, తోక వెనక ఉన్న చోటు తప్ప. అందుకే కేసర్ మా వైపు తల తిప్పకుండానే మమ్మల్ని పూర్తిగా చూసిందని నాకు చాలాసేపటికి గాని తట్టలేదు. అరగంట దాటాక దాని ఎడమ చెవి మా వైపు తిరిగింది. మరికొంతసేపటికి రెండోది కూడా తిరిగింది. కాకాసా ఎక్కడి నుంచి చూస్తున్నారో గాని, వెంటనే వచ్చి మంచం ఎత్తేశారు.

రాత్రి సజ్జరొట్టెల మీద నెయ్యి వేసి, వెల్లుల్లి కారంతో, మజ్జిగతో పెట్టారు. కూరలో సన్నగా, పుల్లల్లా ఉన్న ఎండు కాయలు ఏమిటని అడిగితే సాంగ్రీ అన్నారు, ఖేజ్‌డీ చెట్టు కాయలట. ఆ చెట్టు వాకిట్లోనే ఉంది. దగ్గరికి వెళ్లి ఆకు చూస్తే మన జమ్మి. పాండవులు ఆయుధాలు దాచింది జమ్మి మీదనే కదా, అవి దాచాక నకులుడు దామగ్రంథి అని పేరు మార్చుకుని విరాటుడి గుర్రాలకు కాపరిగా చేరలేదా అని, చేతిలో రొట్టె పట్టుకునే మా అమ్మాయి తమ్ముడికి కథ మొదలుపెట్టింది.

మార్చి 25, లాయంలో

తెల్లవారుజామున అయిదు గంటలకే లేపారు. గుర్రపు మాలీసు అంటే ఒళ్లు మెరిసేలా తోమడమని నేను అనుకునేదాన్ని. ఆ అభిప్రాయం పోవడానికి ఒక పూట పట్టింది.

మొదట దగ్గరికి వెళ్లడం నేర్చుకోవాలి. ఎడమ వైపు నుంచి, భుజానికి ఎదురుగా, మాట్లాడుతూ వెళ్లాలి. ఏ భాషలో అన్నది లెక్క లేదు. కాకాసా మార్వాడీలో గొణిగితే మేము తెలుగులో గొణిగాము. వెనక నుంచి వెళ్లవలసి వస్తే, తన్ను అందనంత దూరంగానైనా చుట్టి రావాలి, లేదా తొడకు ఒళ్లు ఆనించి, ఒక చేయి దాని మీదనే ఉంచి జరగాలి. సగం దూరంలో నిలబడటమే అన్నిటికన్నా ప్రమాదం, తన్నులో బలమంతా ఉండేది అక్కడే. లాయంలో గుర్రాలను తలకు రెండు వైపులా ముందు తాళ్లతో, వెనక కాళ్లకు వెనక తాళ్లతో కట్టి ఉంచుతారు. వాటిని అగాడీ పిఛాడీ అంటారు. అయినా కాకాసా తాళ్లను నమ్మి ఎన్నడూ వెనక నిలబడలేదు.

ముందుగా ఖర్‌హరా. పళ్లున్న ఇనుప పలక. తెలుగులో దీనికి గొరపం అనే పాత మాట ఉంది. దానిని మెడ, భుజం, డొక్క, తొడ వంటి కండ ఉన్న చోట్లలోనే గుండ్రంగా తిప్పుతూ రుద్దాలి. ముఖం మీద, వెన్నుపూస మీద, మోకాలి కింద ఎముక తేలి ఉండే చోట తగలనివ్వకూడదు. అది లోపలి దుమ్మును, రాలే వెంట్రుకలను పైకి తెస్తుంది. చలికాలపు బొచ్చు రాలే రోజులు కావడంతో మా నలుగురి బట్టలూ ఎర్రబడ్డాయి. తర్వాత గట్టి కుచ్చు ఉన్న బ్రష్షుతో వెంట్రుక వాలిన వైపే దులపాలి. ఆపైన హత్థీ, అంటే అరచేతికి తొడుక్కునే నార అల్లిక. దానితో కండల మీద తట్టి తట్టి రుద్దుతారు. కళ్లకు ఒక తడిబట్ట, ముక్కు రంధ్రాలకు ఇంకొకటి, తోక కింద మరొకటి. మూడింటినీ కలిపి ఉతికినందుకు నాకు మొదటి చీవాట్లు పడ్డాయి.

జూలు, తోక మాత్రం వేళ్లతోనే విడదీయాలి. దువ్వెనతో లాగితే తెగిన తోకవెంట్రుక తిరిగి పూర్తి పొడవు రావడానికి ఏళ్లు పడుతుందట, ఈగలు తోలుకోవడానికి దానికి ఆ తోకే ముఖ్యం. తోక విడదీయడానికి వెనక నిలబడకుండా తొడ పక్కన నిలిచి దానిని తన వైపు లాక్కోవాలి. ఈ పని మా అబ్బాయికి ఎంతో నచ్చింది, వాడి ఓపిక అంతటిదని నేను అంతకు ముందు ఎరుగను.

ఇదంతా జరుగుతున్నంతసేపూ కాకాసా ఖాళీ చేయి ఊరకే ఉండదు. కుడిచేయి రుద్దుతుంటే ఎడమచేయి ముందుగా ఆ చోటును తడిమి వస్తుంది. జీను ఒరిసిన చోట వాపు ఉందా, పిడుదు కరిచిందా, ఒక కాలు కన్నా మరొకటి వేడిగా ఉందా. ఆ చేయి ఏం వెతుకుతోందని నేను అడిగితే, ఆయన తన నోటిని రెండు వేళ్లతో మూసి చూపించి, కేసర్ వైపు తల ఊపారు. నొప్పి పుట్టిన కుక్క మూలుగుతుంది. గుర్రం చాలా వరకు దాచుకుంటుంది. మంద నుంచి వెనకబడిన జంతువు పులి పాలవుతుంది కనుక ఆ గుణం దానికి పుట్టుకతో వచ్చింది.

చివరి పని గిట్టలు. భుజానికి భుజం ఆనించి, తోక వైపు ముఖం పెట్టి నిలబడి, అరచేతిని కాలి మీదుగా కిందికి జార్చి, మడమ పైన కొంచెం నొక్కితే గుర్రం కాలు అందిస్తుంది. కాకాసాకు అందించింది. నాకు విసుగ్గా అందించింది. మా అమ్మాయికి మాత్రం అందించలేదు. అది నొక్కుతున్నకొద్దీ కేసర్ ఒంటి బరువంతా ఆ కాలి మీదికే తెచ్చి, తీరిగ్గా గడ్డి నమలసాగింది. పది నిమిషాలు పెనుగులాడి అమ్మాయి కళ్లలో నీళ్లు తెచ్చుకుంది. కాకాసా దాని చేతిలోని గిట్టకొక్కెం తీసుకుని, రేపు అన్నారు.

మార్చి 26, దాణా లెక్కలు

ఈ రోజు ఎక్కువగా నీళ్లతో, గడ్డితో, లద్దెతో గడిచింది. ఒక్కొక్క గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు తాగుతుంది, ఎండ ముదిరితే ఇంకా ఎక్కువ. తొమ్మిదింటికి తోడి పోయడమంటే మా ఇద్దరి భుజాలూ రాత్రికి పనికి రాకుండా పోయాయి. మేత ప్రధానంగా సేవణ్ అనే ఎడారి గడ్డి, దానికి తోడు కొంచెం పచ్చమేత, పూటకు ఇంత అని కొలిచిన బార్లీ, నానబెట్టిన శనగలు. కొలత తప్పకూడదు. అంత పెద్ద ఒంటికి గుర్రం పొట్ట చాలా చిన్నది. రోజంతా కొంచెం కొంచెంగా మేయడానికి ఏర్పడిన జంతువు కావడం వల్ల ఒకేసారి గింజలు ఎక్కువ తింటే కడుపులో పులిసి ఉబ్బుతుంది, పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపునొప్పితో చచ్చిపోయిన గుర్రాలు యుద్ధంలో చచ్చిన వాటికన్నా ఎక్కువని హుకుం అన్నారు. లెక్క ఎవరు తీశారో గాని, ఆయన గొంతులో పరిహాసం లేదు.

ఈ మాట వినని మా అబ్బాయి మధ్యాహ్నం ఎవరూ చూడకుండా కేసర్ మూతికి దాణాసంచి రెండోసారి కట్టబోయాడు. పట్టుకున్నది మావారు. లాయం బయట గోడ మీద కూర్చుని దూరం నుంచే అన్నీ గమనిస్తున్న మనిషి, ఒక్క ఉదుటున లోపలికి దూకి, గుర్రం మూతి కింద చేయి పెట్టి సంచి లాగేశారు. ఆ తర్వాత గాని తాను ఎక్కడ నిలబడి ఉన్నదీ ఆయనకు తెలిసి రాలేదు. కేసర్ ఆయన భుజం వాసన చూసింది, సరిగ్గా మచ్చ ఉన్న వైపే. ఆయన కదల్లేదు. బెల్లం ముక్క వేళ్లతో పట్టుకోకుండా, అరచేయి చదునుగా చాపి దాని మధ్యలో పెట్టి ఇవ్వమని కాకాసా చూపించారు. వేళ్లు వంచితే గుర్రం బెల్లానికీ వేలికీ తేడా చూడదు. మావారు ఇచ్చారు. అరచేయి తడిసిపోయింది. సాయంత్రం దాకా ఆ చేయి కడుక్కోలేదని నేను కనిపెట్టాను గాని ఏమీ అనలేదు.

నెలకు తొమ్మిది గుర్రాల మేతకు ఎంత ఖర్చవుతుందో మావారు రాత్రి కాగితం మీద లెక్క వేసి, వీటిలో రెండు ముసలివి కదా, ఎందుకు పోషిస్తున్నట్టు అని నన్ను అడిగారు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని సామెత చెప్పి లైటు ఆర్పాను.

మార్చి 27, తిల్వాడా సంత

బాలోత్రాకు దగ్గరలో, ఎండిన లూణీ నది ఇసుకలోనే ఏటా ఒక పక్షం రోజులు జరిగే తిల్వాడా పశువుల సంతకు హుకుం మమ్మల్ని జీపులో తీసుకువెళ్లారు. రావల్ మల్లినాథ్ అనే సాధువు పేరిట జరుగుతుంది. ఆయన గుడి నది ఒడ్డునే ఉంది. చైత్ర బహుళ ఏకాదశినాడు మొదలైందని చెబితే నాకు తికమక అయింది. మాకు ఉగాదికి ఇంకా మూడు రోజులుంది, అంటే ఇంకా ఫాల్గుణమే. ఉత్తరాదిన పౌర్ణమితో నెల మారుతుంది కనుక వారు అప్పటికే చైత్రంలో ఉన్నారు. ఒకే చంద్రుడి కింద రెండు నెలలు.

అజ్మీరు దగ్గరి ఆరావళి కొండల్లో పుట్టే ఈ నది బాలోత్రా దాకా తియ్యగానే ఉండి ఆ తర్వాత ఉప్పగా మారుతుందనీ, సముద్రం చేరకుండా కచ్ రణ్ అనే ఉప్పుబయలులో ఇంకిపోతుందనీ అంటారు. మేము చూసినప్పుడు తియ్యనా లేదు, ఉప్పనా లేదు, ఉన్నదంతా ఇసుకే. ఆ ఇసుక మీద ఒంటెలు, కాంక్రేజ్ ఎద్దులు, తార్‌పార్కర్ ఆవులు, పశ్చిమాన గుర్రాల వరసలు. ఎరుపు, పసుపు తలపాగాలు తప్ప కనుచూపు మేరలో వేరే రంగు లేదు.

బేరం మాటలతో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ ఒక తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. చుట్టూ ముప్ఫై మంది నిలబడి ఉన్నా ఎవరికీ అంకె తెలియదు. వయసు విషయంలో మాత్రం అబద్ధం చెల్లదు. గుర్రానికి ముందు పళ్లు రెండున్నరేళ్లకు ఒక జత, మూడున్నరకు ఇంకొకటి, నాలుగున్నరకు మరొకటి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. కాకాసా పెదవి ఎత్తి చూసి, అయిదేళ్లని అమ్మకందారు చెప్పిన గుర్రానికి నాలుగు కూడా నిండలేదని చెప్పేశారు. తర్వాత ఒంటి మీది వెంట్రుకల సుడులు చూశారు. మెడ మీద ఉండే ఒక సుడిని దేవమన్ అంటారు. అది ఉంటే మిగిలిన దోషాలన్నీ చెల్లిపోతాయట. చక్కటి నల్లని పిల్లగుర్రాన్ని ఒకాయన కేవలం సుడి బాగా లేదని వదిలి వెళ్లిపోయాడు. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఋతుపర్ణుడి లాయంలో సుడులు చూసి గుర్రాలను ఎంచుకున్నాడు కనుక ఈ నమ్మకం పాతదేనని ఒప్పుకుంటాను. పాతది కావడం వల్ల ఆ పిల్లగుర్రానికి ఒరిగిందేమీ లేదు.

సంతలో తినడానికి మిరపకాయ బజ్జీలు, జిలేబీ దొరికాయి. కాకాసా వద్దన్నా వినకుండా పిల్లలు బజ్జీలు తిని, తర్వాత ఒంటెపాల టీ తాగి చల్లబడ్డారు. మా అమ్మాయి తన డబ్బుతో ఒక కొత్త ఖర్‌హరా కొన్నది. దుకాణదారు రూ. 180 చెబితే రూ. 120కి బేరమాడి, కాకాసా చేతిలో పెట్టింది. ఆయన దగ్గరున్నది పళ్లు అరిగి, పిడి విరిగి, తాడుతో కట్టి ఉంది. ఆయన కొత్తదాని పళ్ల మీద బొటనవేలు నడిపి, తలపాగా మడతలో దోపుకున్నారు. ముఖంలో సంతోషం ఏమీ కనిపించలేదు. పిల్ల చిన్నబుచ్చుకుంది.

మార్చి 28, ముందు ఎడమ కాలు

ఉదయం మాలీసులో కేసర్ మా అమ్మాయికి కాలెత్తి ఇచ్చింది. నాలుగు రోజులుగా అది రోజూ ఒక గంట ఊరకే ఆ గుర్రం మెడ పక్కన నిలబడుతూ వచ్చింది, ఈసారి నొక్కలేదు, అరచేయి జార్చి ఆగింది అంతే. నాలుగు గిట్టలూ శుభ్రం చేసింది. మడమ వైపు నుంచి కొన వైపుకి కొక్కెం నడపాలి, మధ్యలో మూడు మూలల మెత్తటి మిట్ట ఉంటుంది, దానికి దెబ్బ తగలనివ్వకుండా రెండు పక్కలా ఉన్న గాడుల్లోని మట్టి తీయాలి. గుర్రం అడుగు వేసినప్పుడల్లా ఆ మెత్తని భాగం ఒత్తుకుని, కాలిలోకి దిగిన నెత్తురు మళ్లీ పైకి ఎగబాకడానికి సాయపడుతుంది. కాకాసా నాలుగూ పరీక్షించి, రేపు పొద్దున స్వారీ అన్నారు. పిల్ల ఆ పూట అన్నం తినలేదు.

సాయంత్రం కాకాసా పొరుగు పల్లెలో పెళ్లి పనికి వెళ్లారు. పొలం చుట్టూ తిప్పి తెచ్చిన గుర్రాలకు గిట్టలు చూసే పని పిల్లలకు వదిలారు. నేను నీళ్ల తొట్టి దగ్గర ఉన్నాను. మా అమ్మాయి కేసర్ ముందు ఎడమ కాలు ఎత్తి పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. దాన్ని దించి కుడికాలు పట్టుకుంది. మళ్లీ ఎడమది. నన్ను పిలిచి, "అమ్మా, ఇది వేడిగా ఉంది కదూ?" అని అడిగింది. నాకు తేడా తెలియలేదు. కేసర్ గడ్డి తింటోంది, నడిపిస్తే నడుస్తోంది, కుంటు లేదు. ఎండలో తిరిగి వచ్చింది కనుక అలా ఉందేమో అన్నాను. అన్ని కాళ్లూ ఎండలోనే తిరిగాయి కదా అంది. అంతసేపూ దాని మొహం చూస్తే, నేను కాదంటే బాగుండునని అది కోరుకుంటున్నట్టు అనిపించింది. రేపు ఎక్కబోయే గుర్రం అదే మరి.

హుకుం వచ్చి, మడమ వెనక గుంటలో రెండు వేళ్లు ఉంచి చూశారు. బాగున్న గుర్రానికి అక్కడ నాడి దొరకడమే కష్టం. ఎడమ కాలిలో అది గట్టిగా కొట్టుకుంటోందని నా వేళ్లకు కూడా తెలిసింది. దీపం పెట్టి వెతికితే ఆ మిట్ట పక్క గాడిలో నల్లటి చుక్క ఒకటి కనిపించింది. సర్కారు తుమ్మ ముల్లు విరిగి లోపలే ఉంది. తీయబోయిన నన్ను ఆపి, ఎంత లోతు దిగిందో, ఏ వైపు తిరిగిందో తెలియకుండా లాగకూడదని చెప్పి ఆయన వైద్యుడికి ఫోను చేశారు.

మార్చి 29, సాలోత్రీ

తెల్లవారేసరికి కేసర్ ఆ కాలు నేలకు ఆనించడం మానేసింది. పశువైద్యుడు ఏడింటికి మోటారుసైకిలు మీద వచ్చారు. కాకాసా ఆయనను డాక్టరు అనరు, సాలోత్రీ అంటారు. అశ్వవైద్యానికి ఆద్యుడని చెప్పే శాలిహోత్రుడి పేరు అరిగి అరిగి ఆ మాటైందని విని మా అబ్బాయి దానిని రోజంతా జపించాడు. వైద్యుడు చిన్న వంకర కత్తితో గాడిని కొద్దిగా తెరిచి ముల్లు తీయగానే, దాని వెంట బూడిదరంగు చీము రెండు చుక్కలు వచ్చింది. ఇంకొక రెండు రోజులు ఆగి ఉంటే అది గిట్ట లోపల పైకి పాకి, వెంట్రుకల అంచు దగ్గర బయటపడేదట. ధనుర్వాతం గుర్రాలకు తొందరగా సోకుతుంది, సోకితే బతకడం అరుదు, సూది వేశారు. రోజుకు రెండుసార్లు గోరువెచ్చని నీళ్లలో మెగ్నీషియం సల్ఫేటు కలిపి కాలు నానబెట్టి, కట్టు కట్టమన్నారు. రూ. 1,200 అయింది. ఆ డబ్బు మేము ఇవ్వబోతే హుకుం తీసుకోలేదు.

కాలు నానబెట్టడమంటే బక్కెట్టులో ఇరవై నిమిషాలు గుర్రం కదలకుండా నిలబడాలి. అదే రోజు వేరే గుర్రాలకు లాడాలు మార్చడానికి నాల్‌బంద్ వచ్చి, నాలుగు కాళ్లకు రూ. 700 చొప్పున పని చేసుకుపోతున్నా, పిల్లలిద్దరూ అటు చూడనైనా చూడకుండా కేసర్ దగ్గరే ఉండిపోయారు. అమ్మాయి కాలు పట్టుకుంటే అబ్బాయి మెడ నిమిరాడు. ఇరవై నిమిషాలు లెక్కపెట్టినది మావారు, కేసర్ తల తన భుజం మీద పెట్టుకుని.

మరొక గుర్రం మీద స్వారీ చేయవచ్చని హుకుం మధ్యాహ్నం అడిగారు. మా అమ్మాయి కాసేపు ఆలోచించి, సాయంత్రం మళ్లీ కాలు నానబెట్టాలి కదండీ అంది. దానికి ఏడుపు వచ్చింది కూడా. రాత్రి దుప్పటి కింద ఏడ్చింది, నేను విననట్టు ఉన్నాను.

కాకాసా మాత్రం ఆ పిల్లను ఒక్క మాటతో మెచ్చుకోలేదు. పొద్దుపోయాక లాయం గట్టు మీద కూర్చుని, ఇసుకరాతి మీద ఏదో గరగరమని రుద్దుతూ ఉన్నారు. పడుకోబోయేటప్పుడు కూడా ఆ చప్పుడు వినిపించింది.

మార్చి 30, ఉగాది

తొమ్మిదింటికి బయలుదేరాలి. పొద్దున్నే లాయానికి వెళ్లేసరికి కేసర్ నాలుగు కాళ్ల మీదా నిలబడి ఉంది, ఎడమ కాలి కట్టు మీద మాత్రం ఇంకా పూర్తి బరువు మోపడం లేదు. కాకాసా తలపాగా మడతలోంచి సంతలో కొన్న ఖర్‌హరా తీశారు. దాని పళ్ల కొనలన్నీ అరిగి, గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. కొత్త పళ్లు తోలును గీరుతాయట. రెండు రాత్రులు రాతి మీద రుద్దారు. దానిని మా అమ్మాయి చేతికిచ్చి, మొదట తన ముంజేతి మీద రుద్ది చూసుకోమన్నారు. అది రుద్దుకుంది. ఆ తర్వాత కేసర్ మూపు మీద, జూలు మొదలైన చోట, గుండ్రంగా తిప్పింది.

కేసర్ మెడ కొంచెం చాపి, కళ్లు సగం మూసింది. పై పెదవి ముందుకు సాగి, గాలిలో దేన్నో వెతుకుతున్నట్టు వణికింది. మా అబ్బాయి పగలబడి నవ్వాడు. బయట డ్రైవరు హారన్ కొట్టాడు, మావారు బయటికి వెళ్లి, ఇంకొక పది నిమిషాలు ఆగమని చెప్పి వచ్చారు.